ఇరవై తొమ్మిది రోజుల ఆదివారం

పద్దు 611. గురువారం

ఇవాళ వంటశాలలో పప్పు రుబ్బే చప్పుడు మామూలు కంటే చాలాసేపు వినిపించింది. కాఫీ గ్లాసు తిరిగి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు, చుట్టాలెవరైనా వచ్చారా అని వంట సూరమ్మను అడిగాను. ఆమె గరిటె చూస్తూ, లేదండీ, పిల్లకాయలు ఈమధ్య బాగా తింటున్నారండీ అంది. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి.

మధ్యాహ్నం బంతిలో కూర్చున్నవాళ్ళను చూశాను. వచ్చే క్షిపణిని దారిలోనే కొట్టే ఒక్కో అడ్డుబాణానికి ముగ్గురు మనుషులు. ఒప్పందం ప్రకారం నేనుంటున్న ఈ దిగువగుంటకు ఎనిమిది అడ్డుబాణాలే ఉండాలి. అంటే ఇరవై నలుగురు. ఇవాళ విస్తళ్ళ ముందు ముప్పై ఆరుగురున్నారు. కొత్తవాళ్ళు పన్నెండుమంది తల ఎత్తకుండా తిన్నారు.

ఆ తరువాత రాహుకాలంలో తనిఖీకి వెళ్ళాను. రాహుకాలంలో ఇక్కడ ఎవరూ ఏ పనీ మొదలుపెట్టరు. సిబ్బంది అంతా ఖాళీ. అందుకే మా పెద్దలు తనిఖీకి ఆ గంటన్నరే ఒప్పందంలో రాసుకున్నారు. ప్రయోగ పీటల మీద అడ్డుబాణాలు ఎనిమిదే నిలబడి ఉన్నాయి. ఎనిమిది అని రాశాను. మనుషులను లెక్కపెట్టమని ఒప్పందంలో లేదు.

గోంగూర మడికి నీళ్ళు తక్కువయ్యాయి. పప్పు కడిగిన నీళ్ళు పారబోయవద్దని సూరమ్మకు మళ్ళీ చెప్పాను.

పద్దు 612. శుక్రవారం

పొద్దున్నే కోదండం వచ్చాడు. ఈ గుంటకు పెద్ద అతనే. ఎన్నికలు దగ్గరపడ్డాయి కనుక ఈమధ్య అందరికీ నమస్కారాలు ఎక్కువ పెడుతున్నాడు. ఓటర్లకు, ఒక్క క్షిపణి కూడా తగలని సంపూర్ణ కవచం తెస్తానని మాట ఇచ్చాడు. నాకు ఓటు లేదు. నేను అవతలి పక్షం మనిషిని. ఎగువగుంట తరఫున ఇక్కడ కాపురముంటున్న తనిఖీదారును. వాళ్ళ తనిఖీదారు బంగారమ్మ అక్కడ మా తమ్ముడి ఇంట్లో ఉంటుంది. అరవై ఐదేళ్ళు దాటిన, చదువుకున్న ఆడవాళ్ళనే ఈ పనికి పెట్టాలని నియమం. అంతకుముందు పెట్టిన మగవాళ్ళు విందులు తిని లెక్కలు మరిచిపోయారట.

కోదండం చెప్పింది ఇది. చంద్రుడి మీద కాపురం చేస్తూ ఇంకా బెజవాడలో పొద్దు పొడిచే వేళను బట్టి రాహుకాలం చూసుకోవడం బానిస బుద్ధి అట. ఇకనుంచి దిగువగుంట ఇక్కడి పొద్దునే పాటిస్తుందట. సిద్ధాంతిగారు సంతకం చేశారు. సభ ఆమోదించింది. ఎల్లుండి ఆదివారం ఇక్కడ పొద్దు పొడవగానే అమలు.

మనసులో లెక్క వేసుకున్నాను. ఇక్కడ పొద్దు పొడిచాక కుంకడానికి పదిహేను రోజులకు కాస్త తక్కువ పడుతుంది. దాన్ని ఎనిమిది భాగాలు చేస్తే రాహుకాలం నలభై నాలుగు గంటలు. బాగా పెద్దదే. కానీ నెలకు ఒక్కసారే వస్తుంది. అంటే నెలకు ఒక్కసారే తనిఖీ. మిగతా రోజుల్లో పీటల మీద ఏం నిలబడితే నాకేం తెలుస్తుంది?

“చాలా మంచి ఆలోచన నాయనా. మన పొద్దు మనకుండాలి” అన్నాను.

అతను కాస్త తెల్లబోయాడు. వాదనకు సిద్ధపడి వచ్చినట్టున్నాడు.

అతను వెళ్ళాక మా వాళ్ళకు నోటీసు పంపాను. ఒక పక్షం కాలగణన మార్చుకుంటే రెండో పక్షం కూడా మూడు రోజుల్లోగా అలాగే మార్చుకోవాలని పదకొండో నిబంధన. మా ఎగువగుంటలో రక్షణ చూసేది మా తమ్ముడు పానకాలు. గంటలో జవాబు వచ్చింది. సంతోషంగా ఒప్పుకుంటున్నామట. వాడు ఏ కాగితం మీదా ఇంత త్వరగా సంతకం చేయగా నేను చూడలేదు. దాని అర్థమేమిటో అప్పుడే నాకు తట్టాల్సింది.

పద్దు 613. శనివారం

బెజవాడ పొద్దు ప్రకారం ఆఖరి తనిఖీ పొద్దున చేశాను. ఎనిమిది. సంతకం పెట్టి వచ్చాను.

నేను ఉంటున్నది తరళ ఇంట్లో. కవచం పని చూసే ఇంజనీరు ఆ పిల్ల. రెండు గదుల ఇల్లు, మూడు నెలల కొడుకు, పని మీద దూరం పోయిన భర్త. పీటల స్థలం వాళ్ళ వెనక గోడకు అవతలే. మధ్యాహ్నం పిల్లవాడికి నేను నూనె రాస్తుంటే వచ్చి పక్కన కూర్చుంది.

“మామ్మగారూ, మీరు రేపటినుంచి ఈ కిటికీ దగ్గర కూర్చోకండి.”

“ఎన్ని?”

“నాలుగు. పొద్దున మీరు ఇలా తిరగ్గానే నిలబెట్టారు. పైన గుడ్డ కప్పారు.”

నేను లేచి కిటికీ తెర దించాను. నా కంటితో చూస్తే రాయాల్సిందే. నలభై ఏళ్ళు ఒప్పందాల చరిత్ర పాఠం చెప్పినదాన్ని. పిల్లలకు మార్కే ఒకటి ఎక్కువ వేయలేదు, ఇందులో ఒకటి తక్కువ వేస్తానా? చూడనంతవరకు మాత్రం అది తరళ మాట, నా లెక్క కాదు.

నేను పన్నెండు అని రాస్తే ఏమవుతుందో ఆ పిల్లకు తెలుసు, నాకూ తెలుసు. చెరి పది క్షిపణులు, చెరి ఎనిమిది అడ్డుబాణాలు. పదింటిలో రెండైనా వచ్చి తగులుతాయన్న భయమే ఇన్నాళ్ళూ ఇద్దరినీ కుదురుగా కూర్చోబెట్టింది. అడ్డుబాణాలు పన్నెండైతే ఆ భయం ఒక పక్కన పోతుంది. అప్పుడు రెండో పక్క, అవి పనిలోకి దిగకముందే కొట్టేద్దామనుకుంటుంది. పానకాలు మొదట కొట్టేది పీటల స్థలాన్నే. అంటే ఈ గోడను. ఈ గోడకు ఇవతల తొట్టెలో నూనె కారుతూ వీడున్నాడు.

“అసలు మీ అడ్డుబాణాలు తగులుతాయా?” అని అడిగాను.

తరళ నవ్వింది. ఇక్కడ గాలి లేదు కదా, మోసపుచ్చడానికి వదిలే బుడగా అసలు బాంబూ ఒకే తీరున వస్తాయి, ఏది ఏదో మా యంత్రానికి తెలియదు, ఎనిమిదింటిలో రెండు తగిలితే గొప్ప అంది. తగులుతాయని అవతలివాళ్ళు నమ్మితే చాలట.

ఇందుకోసం పన్నెండుమందికి అదనంగా పప్పు రుబ్బుతున్నారు.

సాయంత్రం సిద్ధాంతిగారి ఇంటికి వెళ్ళి మర్యాదగా ఒక్క సందేహం అడిగాను. ఆదివారం, సోమవారం అనే ఈ వారం ఎప్పుడు మొదలవుతుందండీ అని. పొద్దు పొడుపు నుంచి మళ్ళీ పొద్దు పొడుపు దాకా ఒక వారం, అందులో సందేహమేమిటి అన్నారాయన. మరి ఇక్కడి పొద్దు పొడుపు రేపు ఆదివారం కదండీ, మళ్ళీ పొడిచేది ఇరవై తొమ్మిది రోజులన్నర తరువాత కదండీ అన్నాను. ఆయన నోట్లో వక్కపలుకు అలాగే ఉండిపోయింది. కాగితం మీద రాసి ఇమ్మన్నాను. శాస్త్రం తెలిసిన మనిషి, రాసిచ్చారు.

వచ్చేటప్పుడు ఆ కాగితం వంటశాలలో సూరమ్మకు చూపించాను. మరెవరికీ చూపించలేదు. సూరమ్మకు చూపిస్తే సరిపోతుంది.

పద్దు 614. ఆదివారం

ఆదివారం పని చెప్పకూడదని దిగువగుంట శ్రామిక చట్టం. కవచం సిబ్బందికి కూడా అంతే. ఆదివారం రెండు గుంటలూ ఒకదాని జోలికి ఒకటి పోకూడదని పాత మర్యాద ఒకటుంది.

పొద్దు పొడిచింది. ముప్పై ఆరుగురూ తలంట్లు పోసుకుని, పేకముక్కలు తీసుకుని, జీతంతో కూడిన ఇరవై తొమ్మిది రోజుల ఆదివారానికి కూర్చున్నారు. కవచానికి మూత పడింది.

కోదండం పరుగున వచ్చాడు. చెప్పులు తలుపు బయట విడవలేదు. విడిచి రమ్మన్నాను. విడిచి వచ్చాడు.

“ఇదేం లెక్కండీ మంగతాయారుగారూ. మేం మార్చింది రాహుకాలం ఒక్కటే. వారం జోలికి పోలేదు.”

“రాహుకాలం వారాన్ని బట్టే కదా నాయనా వచ్చేది. సోమవారం రెండో భాగం, ఆదివారం ఎనిమిదో భాగం. ఏ వారమో తేలకపోతే ఎన్నో భాగమో మీ సిద్ధాంతిగారు ఎలా చెబుతారు?”

“మళ్ళీ బెజవాడ వేళకు మార్చేస్తాను.”

“మార్చండి. సభ పిలవాలి కదా. ఆదివారం సభ పెట్టొచ్చా?”

పెట్టకూడదు. ఆ చట్టం తెచ్చింది కోదండమే, పోయిన ఎన్నికలప్పుడు. కాసేపు నా ఎదురుగా కూర్చుని మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు కిటికీ తెర వైపు చూశాడు.

నాకు ఇవాళ నా మీద నాకే ముచ్చటేసింది. అది మంచిది కాదని రాసి పెట్టుకుంటున్నాను.

పద్దు 615. సోమవారం

నా లెక్కలో రెండు రోజుల బొక్క ఉంది.

ఎగువగుంట ఇక్కడికి చాలా పడమట. అక్కడ పొద్దు రెండు రోజులు ఆలస్యంగా, మంగళవారం పొడుస్తుంది. పదకొండో నిబంధన ప్రకారం వాళ్ళకు నెలంతా మంగళవారమే. మా తమ్ముడు మంగళవారం కొత్త చొక్కా కూడా తొడగడు, ఇక యుద్ధమేం మొదలుపెడతాడు? అక్కడిదాకా బాగానే వేశాను. కానీ ఇవాళ సోమవారం. దిగువగుంట కవచం మూత పడి ఉంది. ఎగువగుంట క్షిపణుల దగ్గర మనుషులు ఉన్నారు. ఈ ఒక్క రోజు సంగతి నేను చూసుకోలేదు.

కాఫీ వేళకు పానకాలు బహిరంగ తంతి మీద మాట్లాడాడు.

“అక్కా, నువ్వు సామాను సర్దుకుని పడమటి ద్వారం దగ్గరకొచ్చి కూర్చో. అక్కడ కవచం మూసుందంటగా. ఇట్టాంటి రోజు మళ్ళీ రాదు. మధ్యాహ్నం లోపల పని అయిపోద్ది.”

“పాత మర్యాద ఏమైంది? ఇక్కడ ఆదివారం రా.”

“మాకు సోమవారమే కదా.”

వాడి గొంతులో ఉత్సాహం విన్నాను. చిన్నప్పుడు పక్కింటి జామకాయలకు గోడ ఎక్కేముందు ఇదే గొంతు. అవతల గదిలో తరళ ఉగ్గు కలుపుతోంది. గ్లాసు కింద పెట్టాను.

పానకాలు ఒక్కడే మీట నొక్కలేడు. ముగ్గురి తాళాలు కావాలి. రక్షణ సంఘంలో మిగతా ఇద్దరు సభ్యులూ వాడి పక్కనే ఉన్నారు, దగ్గు వినిపించింది. అప్పుడు నాకు ఇరవై మూడో నిబంధన గుర్తొచ్చింది. ప్రయోగానికి ముందు తనిఖీదారు తన ఆక్షేపణ పూర్తిగా చదివి వినిపించవచ్చు. తాళాలున్న ముగ్గురూ కూర్చుని వినాలి. ఆక్షేపణ ఎంత పొడవుండాలో రాయలేదు. రాసినవాళ్ళకు నేను తెలియదు.

“ఒరే పానకాలూ, నా ఆక్షేపణ ఒప్పందం మొత్తం. మొదటి పేజీ నుంచి చదువుతాను. కుర్చీ వేసుకో.”

“అక్కా...”

“మధ్యలో మాట్లాడకు. పీఠిక.”

వాడు క్షిపణి వేస్తాడేమోగాని, అక్క మాట్లాడుతుంటే తంతి పెట్టేయడు. చదివాను. పీఠిక, నిబంధనలు, వివరణలు, వివరణలకు సవరణలు. అవతల బంగారమ్మ వాడి గదిలోకి వచ్చి కూర్చున్నట్టుంది. ప్రతి పేజీకీ ఒకసారి, వినపడలేదు వదినా, మళ్ళీ చదువు అంటోంది. ఆమెకు చెవుడు లేదు.

మధ్యాహ్నం అయిదో అనుబంధం దగ్గర ఒక సభ్యుడు భోజనానికి లేవబోయాడు. లేస్తే మళ్ళీ మొదటినుంచి చదవాలని నియమం చెప్పాను. కూర్చున్నాడు. తరళకు సంగతి అర్థమై నా పక్కన మంచినీళ్ళు పెట్టి, నా గొంతు పోయిన చోట్ల తను అందుకుంది. పిల్లవాడు ఏడిస్తే వాడి ఏడుపు కూడా తంతి మీద వెళ్ళింది. అది ఎవడు అని పానకాలు అడిగాడు. పీటల స్థలం పక్కింట్లో ఉంటాడు, మూడు నెలలు అని చెప్పి తరువాతి పేజీ తిప్పాను.

పద్నాలుగో అనుబంధం అడ్డుబాణాల మరమేకుల కొలతలు. రాత్రి భోజనాల వేళకు అందులో ఉన్నాను. సభ్యులిద్దరూ, మీకో దండం తల్లీ, ఇక మా వల్ల కాదు, రేపు చూద్దామని తాళాలు జేబులో వేసుకుని వెళ్ళిపోయారు.

“రేపు మంగళవారం అక్కా” అన్నాడు పానకాలు నీరసంగా.

“అవును. నువ్వే సంతకం పెట్టావు. అది కూడా ఇరవై తొమ్మిది రోజులు.”

వాడు లెక్క వేసుకుంటున్న చప్పుడు నాకు ఇక్కడికి వినిపించింది.

పద్దు 620. బెజవాడ లెక్కకు శనివారం, ఇక్కడ ఆదివారం, మా ఊళ్ళో మంగళవారం

గొంతు తిరిగి వచ్చింది. మిరియాల పాలు పనిచేశాయి.

ఇక్కడ ఆరు రోజులుగా, అక్కడ నాలుగు రోజులుగా కవచం లేదు. ఇక్కడివాళ్ళకు సెలవు. అక్కడివాళ్ళు కొత్తగా ఏదీ మొదలుపెట్టరు. పేకాటలో సిబ్బందికి రెండు తగాదాలు వచ్చాయి, నేనే తీర్చాను. సూరమ్మ వంట కూడా ఆపుతానంది. ఆకలికి వారాలు లేవని చెప్పి ఒప్పించాను. బదులుగా గిన్నెలు కోదండం తోముతున్నాడు. ఎన్నికల ముందు ఇది అతనికి మంచిదే.

ఆదివారం ఎనిమిదో భాగం, అంటే పొద్దు కుంకేముందు, రాహుకాలం వస్తుంది. తనిఖీ అప్పుడు. ఆ సంగతి గిన్నెల దగ్గర కోదండానికి గుర్తుచేశాను.

“అప్పుడు నేను కిటికీ తెర తీస్తాను నాయనా. తలుపు కూడా తీస్తాను. ఏముంటే అది రాస్తాను.”

“నిలబెట్టినవాళ్ళు దింపడానికి రారండీ. ఆదివారమంటున్నారు.”

“నీకు చేతులున్నాయి. ఇక్కడ బరువు కూడా ఆరోవంతే.”

అతను గిన్నె వైపు చూస్తూ, ఓట్లడిగినప్పుడు పన్నెండని చెప్పానండీ అన్నాడు. ఈ వారంలో అతను నిజం చెప్పడం అదే మొదటిసారి. సున్నా ఉన్నప్పుడు నీ జనం ఆరు రోజులు హాయిగా పేకాడారు, అది చెప్పుకో అన్నాను.

పద్దు 627. పై పద్దులోని మూడు వారాలూ ఇక్కడా కలిపి చదువుకోవాలి

నిన్నటి నుంచి గోడవతల చప్పుళ్ళు, నేలలోంచి గోడకు పాకి వినిపిస్తున్నాయి. తరళ, కోదండం, సిద్ధాంతిగారు ముగ్గురే ఊపిరి తొడుగులు వేసుకుని దింపుతున్నారు. శాస్త్రం రాసిచ్చినందుకు సిద్ధాంతిగారికి ఇది శిక్షట. నేను కిటికీకి వీపు పెట్టి, పిల్లవాణ్ణి ఒళ్ళో వేసుకుని గోంగూర తుంచాను. మూడు దిగినట్టు చప్పుడును బట్టి తెలిసింది. నాలుగోది దిగలేదు.

తరళ తన తొడుగులోని యంత్రం ద్వారా అడిగింది, మరో గంట ఆగగలరా మామ్మగారూ అని. రాహుకాలం మొదలయ్యే క్షణానికి అక్కడుంటానని, తొమ్మిది కనబడితే తొమ్మిదే రాస్తానని చెప్పాను. పిల్లవాడి చేయి నా వేలు పట్టుకుని ఉంది. ఈ మాట అంటున్నప్పుడు వాణ్ణి చూడలేకపోయాను.

వాణ్ణి సూరమ్మకు ఇచ్చి, తొడుగు వేసుకుని, వేళకు తలుపు తీశాను. నేను ఇంత నెమ్మదిగా ఎప్పుడూ నడవలేదు. నడక వేగం ఒప్పందంలో లేదు. తల వంచుకుని పీటల దాకా వెళ్ళి, అప్పుడు ఎత్తాను.

ఒకటి, రెండు, మూడు, అలా చివరిదాకా. ఎనిమిది నిలబడి ఉన్నాయి. కాస్త అవతల తొమ్మిదోది నేలమీద పడుకుని ఉంది. దాని మీద కోదండం, అరుగు మీద కూర్చున్నట్టు కూర్చుని రొప్పుతున్నాడు. సిద్ధాంతిగారు దుమ్ములో వెల్లకిలా పడి ఉన్నారు. తరళ నా ముఖం వైపే చూస్తోంది.

పీట మీద నిలబడిన వాటినే లెక్కించాలని ఒప్పందం. రెండోసారి లెక్కపెట్టాను. ఎనిమిది అని రాశాను. పొద్దు కుంకేలోగా ఆ అరుగును కూడా లోపలికి చేర్చమన్నాను.

తిరిగి వచ్చేసరికి పానకాలు తంతి మీద ఉన్నాడు.

“అక్కా, నీ లెక్కెంత?”

“ఎనిమిది.”

“నిజంగా?”

“నేనెప్పుడన్నా తప్పు రాశానా?”

ఇక్కడా రాహుకాలమే, బంగారమ్మగారు ఇప్పుడే లెక్కపెట్టి వెళ్ళారు, ఇక్కడా ఎనిమిదే అన్నాడు. గొంతు మాత్రం కూర్చున్నవాడి గొంతులా లేదు, వంగినవాడి గొంతులా ఉంది. పదకొండో నిబంధన కింద గంటలో సంతకం ఎందుకు పెట్టాడో నాకు ఇప్పటికి పూర్తిగా తెలిసింది.

“ఒరే, నువ్వెన్ని దింపావు?”

“మూడు.”

“ఒక్కడివేనా?”

“బంగారమ్మగారు గోడ వైపు తిరిగి భారతం చదువుకుంటూ కూర్చున్నారు. ఒక్క చెయ్యి వెయ్యలేదు. నడుం పట్టేసింది అక్కా. పైకి లేవలేకపోతున్నా.”

“ఆముదం వేడిచేసి రాయించుకో.”

“మంగళవారం కదా. వైద్యం మొదలుపెట్టొచ్చా?”

సిద్ధాంతిగారిని అడిగి చెబుతానన్నాను. ఆయన ఇంకా దుమ్ములోంచి లేవలేదు.